అత్తయ్య మూడో గేరు

మా ఇంట్లో స్టీరింగు అత్త నుంచి కోడలికి వస్తుంది. వేరే ఇళ్లలో తాళాల గుత్తి ఇస్తారేమో, నాకు మాత్రం కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్య డీజిలు వాసన కొట్టే ఒక దిండు ఇచ్చింది. డ్రైవరు సీటు మీద వేసుకోవడానికి. వెనక్కి వాలితే నిద్ర వస్తుందనీ, దిండు కింద పెట్టుకుని ఎత్తుగా కూర్చుంటే రోడ్డూ కనబడుతుంది, బుద్ధీ మెలకువగా ఉంటుందనీ చెప్పింది. ఆ దిండు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మాది గుర్రాల రాట్నం. పన్నెండు చెక్క గుర్రాలు, నడుమ ఇనుప స్తంభం, చుట్టూ అద్దాలు, పైన చారల గుడ్డ. ఊరూరా తిప్పుకుంటూ బతుకుతాం. గుర్రాలన్నీ మామయ్య చెక్కినవే. మోటారు, లైట్లు, పాటల పెట్టె మా ఆయన చూసుకుంటాడు. రాట్నాన్ని విప్పి ట్రాలీకెక్కించేది మగవాళ్లు, ఆ ట్రాలీని బండికి తగిలించి లాక్కుపోయేది ఆడవాళ్లు. ఈ పంపకం ఎలా మొదలైందో ఎవరికీ తెలీదు. మామయ్యకు దూరం చూపు ఆనదు, అత్తయ్యకు నడుము నొప్పి, అలా మొదలై ఉంటుంది. నేనొచ్చేసరికి అది వేదవాక్కు అయి కూర్చుంది. సామాను కడుతున్న చోటికి నేను వెళ్తే, నీకెందుకమ్మాయ్, వెళ్లి టైర్లు చూసుకో అనేవాడు మామయ్య. ఆయన పొరపాటున స్టీరింగు మీద చెయ్యేస్తే అత్తయ్య చూసే చూపుకి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేది.

గుర్రాల్లో పెద్దది తెల్లది. దాన్ని దొరసాని అంటాం. పెళ్లయిన ఏడాదే మామయ్య దాన్ని ఒకే టేకు మొద్దులోంచి తొలిచాడట. మెడ కాస్త పక్కకు తిప్పి, ఎవరో పిలిస్తే విన్నట్టుగా ఉంటుంది. బరువు మాత్రం చెప్పనలవి కాదు. ఇద్దరు మోస్తుంటే మూడోవాడు పక్కన నిలబడి దేవుణ్ణి తలుచుకోవాలి. ట్రాలీలో దానిది ఆఖరి చోటు. అన్నీ ఎక్కాక, తోకచివర, ముఖం వెనక్కి పెట్టి కట్టేవాడు మామయ్య. మేం ఊరు వదిలేటప్పుడు పిల్లలు ట్రాలీ వెనక పరిగెత్తుతారు. వాళ్లకు చివరికంటా దొరసాని ముఖం కనబడాలని ఆయన పట్టుదల. తనూ దాని పక్కనే కాళ్లు వేలాడేసుకుని కూర్చుని పిల్లలకు చెయ్యి ఊపేవాడు.

ముందు సీట్లో అత్తయ్య మూడో గేరు దాటేది కాదు. ఎంత నున్నటి రోడ్డయినా అంతే. వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టి కొట్టి విసిగిపోయేవాళ్లు. అత్తయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ముందు మీరే పొండి నాయనా అన్నట్టు తాపీగా ఊపేది. ఇంత నెమ్మదేమిటత్తయ్యా అంటే, "ఊరేగింపు ఎక్కడైనా పరిగెడుతుందా?" అనేది. నేను నేర్చుకునే రోజుల్లో నాలుగో గేరు కోసం చెయ్యి జాపితే ఆ చేతి మీద మెత్తగా ఒకటి పడేది. పెద్ద దిగుడు వచ్చే ముందు బండి ఆపేది. అంత నడుము నొప్పితోనూ దిగి, రాట్నం కాళ్ల కింద పెట్టే ఇనుప దిమ్మల్ని ట్రాలీ వెనకనుంచి ఒక్కొక్కటే మోసుకొచ్చి ట్రాలీ ముందున్న పెట్టెలో వేసేది. చక్రాలకు అడ్డం పెట్టాల్సి వస్తే చేతికి అందాలి కదే అనేది. ఊరు చేరాక మామయ్య గొణుక్కుంటూ వాటిని మళ్లీ వెనక దొరసాని కాళ్ల దగ్గర సర్దేవాడు. మళ్లీ ప్రయాణంలో మళ్లీ ఆమె ముందుకు తెచ్చేది. ముసలాళ్ల చాదస్తం అనుకుని నవ్వుకునేదాన్ని.

కిందటి వానల్లో అత్తయ్య పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. నాకు తల్లి లేదు, ఆ లోటు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె పోయాక ముసలి బండి ఒకే ఒక్క ప్రయాణం చేసింది. ఒక ఊరి పొలిమేర దగ్గరికి రాగానే నడుం మధ్యలో ఛాసిస్ టప్పుమని విరిగి, ఇంక నావల్ల కాదని కూలబడింది. అతుకు వేసినా బరువు లాగదన్నారు. దాన్ని తుక్కుకి ఇచ్చేసి, ఒకప్పుడు కలప అడితీగా ఉన్న పాత షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని అందులో చేరాం.

ఆ షెడ్డులో కాలం నడవదు, తేలుతుంది. పైకప్పు రేకుల చిల్లుల్లోంచి వెలుగు నాణేలు నాణేలుగా పడి, పొద్దు జరిగేకొద్దీ గుర్రాల మీదుగా పాకేది. గాలి వీస్తే టార్పాలిను పైకి లేచి కిందికి దిగేది, కింద పన్నెండూ ఊపిరి తీస్తున్నాయనిపించేది. రంపపు పొట్టు వాసన ఇంకా గోడల్లో ఉంది. మధ్యాహ్నాలు ట్రాలీ పక్కన చాప వేసుకుని పడుకుంటే, ఒళ్లు ఇక్కడే ఉన్నా నేనెక్కడో రోడ్డు మీద పోతూ ఉండేదాన్ని. కొండలు పక్కకు జరుగుతుండేవి. నిద్రలో నా ఎడమకాలు క్లచ్చు తొక్కుతోందని మా ఆయన ఫిర్యాదు. ఒకసారి ఆయన పిక్క మీదే తొక్కానట.

ఇలా ఎంతకాలం? సముద్రపుటొడ్డు మైదానంలో సీజను మొదలవుతోంది. అక్కడ మా చోటు మాకు ఏళ్లుగా ఉంది కానీ, మొదటి రోజుకల్లా రాట్నం నిలబెట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని మైదానం మేనేజరు కబురు పెట్టాడు. ఇటు ఊళ్లో ఒక హోటలు యజమాని గుర్రాల్ని చూసి ముచ్చటపడ్డాడు. తన భోజనాల హాలు గోడలకు బిగిస్తాడట. మా ఆయనకు ఒక కోల్డు స్టోరేజీలో ఉద్యోగం కూడా చూసిపెడతానన్నాడు. అప్పటికి బండి దొరికితే సముద్రానికి, దొరక్కపోతే గుర్రాలు గోడకు. మా ఆయన అలా తేల్చాడు, నేను సరేనన్నాను. మామయ్య గరుకు కాగితంతో ఒక గుర్రం డెక్క రుద్దుతూ కూర్చున్నాడు. అందరికీ ఇష్టమే అన్నట్టు పైకి కనబడింది కానీ ఎవరికీ ఇష్టం లేదు. రాట్నం ఆగిపోతే నేను మాత్రం బతకలేననుకున్నాను.

అలా బండి ఎంచే పని నా నెత్తిన పడింది. పెద్ద రోడ్డు పక్కన పాత బళ్ల బేరగాడు ఒకడున్నాడు. మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి "నాదీ హామీ" అంటాడు కాబట్టి అతన్ని హామీ బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను. అతని ఆవరణలో డీజిలు పికప్పులు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో బండిలో ఎక్కి కాసేపు ఊరికే కూర్చునేదాన్ని. ఒకదాంట్లో ఉల్లిపాయల వాసన. ఒకదాని స్టీరింగు ఎడమపక్క మాత్రమే నున్నగా అరిగి ఉంది, ఎవరో ఒంటిచేత్తో నడిపినట్టు. ఇంకోదాని తలుపు లోపల పసిపిల్ల అంటించిన సీతాకోకచిలుక కాగితం. వాళ్లంతా ఎవరో, ఈ సీట్లో కూర్చుని ఏ వానల్లోంచి ఏ ఊళ్లకు పోయారో అనుకుంటూ కళ్లు మూసుకుంటే బేరం సంగతే మరిచిపోయేదాన్ని. హామీ బాబాయ్ దగ్గి గుర్తుచేసేవాడు.

మొదట చూపించింది ఎర్రది. నిగనిగలాడుతోంది. తాళం తిప్పగానే ఠక్కున అందుకుంది. నేను బానెట్టు మీద అరచెయ్యి పెట్టాను, అప్పటికే వెచ్చగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజను, ముందే తిప్పి వేడి చేసి పెడితే బుద్ధిమంతురాలిలా ఉంటుంది. పాత బండిని చూడ్డానికి చెప్పి వెళ్లకూడదని అత్తయ్య మాట. సరే రేపొస్తానని చెప్పి రెండు రోజులు వెళ్లకుండా, ఆ తర్వాత పొద్దున్నే, అతను పళ్లు తోముకునే వేళకు వెళ్లాను. ఈసారి ఎర్రది చాలాసేపు దగ్గి, నీలం పొగ వదిలింది. నల్ల పొగ అయితే డీజిలు ఎక్కువ తాగుతోందనుకోవచ్చు, సర్దుకోవచ్చు. నీలం అంటే లోపల ఇంజనాయిలు మండుతోందని. పైన పటారం లోన లొటారం అన్నాను. హామీ బాబాయ్ నోట్లో బ్రష్షు ఉండటం వల్ల హామీ ఇవ్వలేకపోయాడు.

తర్వాతిది బూడిద రంగుది. అందం దాని దరిదాపులకు రాలేదు. ఎడమ మడ్గార్డు సొట్ట పోయి ఉంది, ముందు దీపం ఒకటి కాస్త పక్కకు చూస్తుంది. కానీ చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. ఆయిలు పోసే మూత విప్పి చూశాను, పొగ తన్నలేదు. కింద పడుకుని సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోయాను. రంగు కింద తుప్పుంటే మొద్దు చప్పుడు వస్తుంది, ఇది గంటలా ఖంగుమంది. వెనక కమాను పట్టీలు కుంగలేదు, వంపు చెడలేదు. హ్యాండు బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్చు వదిలితే ఇంజను వెంటనే ఆగిపోయింది, అంటే క్లచ్చు జారడం లేదు. నాకు దాని మీద మనసు పడింది. పైకి చెప్పలేదు, చెబితే హామీ బాబాయ్ ధర పైకి పోతుంది.

"ఖాళీగా ఎవరైనా లాగుతారు. మా ట్రాలీ తగిలించి చూస్తేగాని తేల్చను" అన్నాను. అతను ఒప్పుకున్నాడు. మగవాళ్లు ట్రాలీ ఎప్పటిలాగే నింపారు, దొరసాని తోకచివర, దిమ్మలు దాని కాళ్ల దగ్గర. మా ఆయన ముందున్న జాకీ మరను తిప్పి ట్రాలీ ముక్కును బండి కొక్కెం మీదికి దించాడు. ఎక్కుడు మీద బూడిద రంగుది కూని రాగం తీసుకుంటూ వెళ్లిపోయింది. దిగుడు మొదలైంది. సముద్రానికి వెళ్లే కొత్త రోడ్డు వెడల్పయినది, లారీలు రయ్యిమని వస్తుంటాయి. దాని మీద మూడో గేరులో పాకితే వెనకవాళ్లు మింగేస్తారు. నాలుగు వేయక తప్పదు. వేశాను. కిటికీలోంచి గాలి, కింద లోయలో పొగమంచు, రోడ్డు దానంతటదే నా ఒళ్లోకి వస్తోంది. కల నిజమవుతోందనుకున్నాను. అంతలో వెనక ట్రాలీ ఎడమకు ఊగింది. కుడికి ఊగింది. ఈసారి ఇంకాస్త ఎక్కువ ఊగింది. కుక్క తోకను ఊపినట్టు కాదు, తోకే కుక్కను ఊపుతోంది. బ్రేకు ముట్టకుండా కాలు మాత్రం తీసి, స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. మూడో గేరుకు వచ్చేసరికి ఊగడం తగ్గింది. నా పక్కనున్న హామీ బాబాయ్ మొహంలో నెత్తురు లేదు.

బూడిద రంగుది కాదన్నాను. తర్వాత నీలం రంగుది, పొడుగ్గా బలంగా ఉంది. అదీ దిగుడులో తోక ఊపింది. ఆ తర్వాత ఆకుపచ్చది. అదీ అంతే. ఆ రోజు హామీ బాబాయ్ బండి దిగి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, చేతులు జోడించాడు.

"అమ్మా, నా బళ్లన్నీ కూడబలుక్కుని మిమ్మల్నే మోసం చేస్తాయా? ఆడలేక మద్దెలోడు అనే సామెత విన్నారా?"

ఒళ్లు మండిపోయింది. అత్తయ్య దగ్గర నేర్చుకున్న చెయ్యి నాది, నేను నడిపే తీరుకే వంక పెడతాడా అని, నోటికొచ్చింది అనేసి వచ్చేశాను. మా ఆయన కూడా, బండిని మెల్లగా నడపడం నీవల్ల కాదు, అమ్మ నడిపితే ట్రాలీ ఇలా ఊగేది కాదన్నాడు. మీరు సరిగ్గా కట్టరు అని నేను. తాళ్లు చూపించాడు, ఒక్కటీ సడల్లేదు.

హోటలు యజమాని కొలతల టేపు పట్టుకుని మర్నాడే వచ్చాడు. మర్యాదస్తుడే. గుర్రాల్ని ఎంతో మెచ్చుకున్నాడు. ట్రాలీ వెనకకు వెళ్లి దొరసాని మెడ, వీపు, కాళ్లు కొలిచాడు. గోడకు ఆనాలంటే నిలువునా సగానికి కోయాలని, ముఖం ఉన్న సగం తలుపు ఎదురుగా పెడతానని చెప్పాడు. రెండో సగం సంగతి మా ఆయన అడిగాడు. దాని గురించి ఆయన ఇంకా ఆలోచించలేదట. మామయ్య గరుకు కాగితం పక్కన పెట్టి లేచి, మంచినీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లాడు. కుండ షెడ్డు లోపలే ఉంది.

హోటలాయనను సాగనంపడానికి మా ఆయన గేటు దాకా వెళ్లాడు. నేనొక్కదాన్నే మిగిలాను. ఏడుపు రావాల్సింది, నాకు కోపం వచ్చింది. నాకెప్పుడూ అదే ముందు వస్తుంది. ట్రాలీ ముక్కు కింద నిలబెట్టిన జాకీని కాలితో ఒక్క తన్ను తన్నాను. అది పక్కకు ఒరిగి పడిపోయింది. పాదం నుజ్జయిందనుకుని, వంగి రెండు చేతులతో ఆ ఇనుప ముక్కును పట్టుకున్నాను.

అది నా చేతుల్లో ఆగింది. పన్నెండు గుర్రాలు, స్తంభం, పలకలు, దూలాలు మోస్తున్న ట్రాలీ ముక్కు, నీళ్ల బిందెంత బరువు కూడా లేదు. కాస్త పైకెత్తాను, లేచింది. వేలితో నొక్కాను, దిగింది. ఇది నిజంగా జరుగుతోందా, చాప మీద పడుకుని కలగంటున్నానా అని తెలియలేదు. ఊయల ఊపినట్టు ఆ బరువునంతా ఒంటరిగా ఊపుతూ నిలబడ్డాను. లోపలెక్కడో ఒక గుర్రం మెడలో గంట ఒకటి కదిలి మోగింది.

అప్పుడు బుర్రకు తట్టింది. తోపుడుబండి తోసిన ఎవరికైనా తెలిసిన సంగతే. బరువంతా వెనక వేస్తే పిడి గాల్లో తేలుతుంది, బండి మన మాట వినదు. ముక్కు బండి మీద బరువుగా కూర్చోవాలి, అప్పుడే తోక నిలకడగా వస్తుంది. మా ట్రాలీలో దొరసాని తోకచివర, దిమ్మలు తోకచివర. మగవాళ్లు నింపుతారు, జాకీ మర తిప్పి కొక్కెం మీద దించుతారు, ముక్కును చేత్తో ఎత్తి చూసిన మనిషి లేడు. నేను నడుపుతాను, వెనక ఏం కట్టారో చూడను. ఎవరి పని వాళ్లం చక్కగా చేసుకుంటూ, మంచి బళ్లన్నిటినీ తిట్టుకుంటూ కూర్చున్నాం.

మామయ్యను పిలిచాను. ఆయన వచ్చి, నా చేతుల్లో పైకీ కిందికీ ఆడుతున్న ముక్కును చూశాడు. తనూ పట్టుకుని ఒకసారి ఎత్తాడు. చెక్కను జీవితమంతా చేత్తో తూచిన మనిషి, నేను ఏమీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఆయన చూపు ట్రాలీ పొడవునా పోయి దొరసాని దగ్గర ఆగింది. తర్వాత దాని కాళ్ల దగ్గరున్న దిమ్మల మీదికి దిగింది.

"మీ అత్తకు ఇది తెలుసా?" అన్నాడు.

తెలియదని చెబితే ఆయనకు హాయిగా ఉండేది. నాకు అబద్ధం రాలేదు.

"తెలుసు మామయ్యా. దిమ్మలు ముందుకు తెచ్చుకునేది అందుకే. మూడో గేరు కూడా అందుకే."

ఆయన ట్రాలీ చక్రం పక్కన కూలబడ్డాడు. నేనూ జాకీ నిలబెట్టి, పక్కనే కూర్చున్నాను. రేకుల చిల్లుల్లోంచి పడ్డ వెలుగు ఆయన చేతుల మీద, నా చేతుల మీద ఉంది.

"వెనక కూర్చుని పిల్లలకు చెయ్యి ఊపుకుంటూ వెళ్లాను నేను. ముందు మీ అత్త ఇంత భయంతో పట్టుకుని నడిపిందా? ఒక్కమాట చెబితే గుర్రాన్ని ముందుకు జరిపేవాణ్ణి కదా" అన్నాడు.

"జరిపేవారా?"

అబద్ధం ఆయనకూ రాదు.

"జరిపేవాణ్ణి కాదు" అన్నాడు. "అలిగేవాణ్ణి."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన కళ్లు తుడుచుకున్నాడు, నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను. ఆయన ముచ్చట చెడకూడదని ఆ మనిషి జీవితమంతా ఊరేగింపు పేరు చెప్పి నెమ్మదిగా నడిపింది. వెనక బళ్లవాళ్ల తిట్లన్నీ తింది. నొప్పి నడుముతో దిమ్మలు మోసింది. మా ఆయన గేటు దగ్గర్నుంచి వచ్చి, మేం నవ్వుతూ ఏడుస్తుంటే చూసి, దొరసానిని అమ్మేయాల్సి వచ్చిందని మతి పోయిందనుకున్నాడట.

దొరసానిని ముందుకు మార్చే పని మామయ్య ఎవరికీ వదల్లేదు. అన్నీ దించి, మొదట దాన్నే ఎక్కించాం, ముగ్గురం మోశాం, దేవుణ్ణి తలుచుకోవడానికి నాలుగోవాడు లేడు. ట్రాలీ ముందుభాగంలో నిలబెట్టాక, ఏ పక్కకు తిప్పమంటారని మా ఆయన అడిగాడు. మామయ్య కాసేపు దాని జూలు నిమురుతూ నిలబడ్డాడు. డ్రైవరు వైపు అన్నాడు. దిమ్మలన్నిటినీ ట్రాలీ ముందున్న అత్తయ్య పెట్టెలో తనే సర్దాడు. తోకచివర అన్నిటికంటే చిన్నదాన్ని, గోధుమరంగు గుర్రప్పిల్లను, ముఖం వెనక్కి పెట్టి కట్టాడు. పిల్లలకు పిల్ల చాలులే అన్నాడు. అంతా అయ్యాక నేను వెళ్లి ముక్కు ఎత్తబోయాను. ఇసుమంత కూడా కదల్లేదు. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడు కలుగుతుందో తెలీదు.

హామీ బాబాయ్ ఆవరణకు తలవంచుకుని వెళ్లాను. తప్పు మద్దెలది కాదు, ఆట మాకే రాలేదని చెప్పాను. అతను పెద్దమనసుతో క్షమించి, ఎర్రదాన్ని మళ్లీ చూపించబోయాడు. నేను నేరుగా బూడిద రంగుదాని దగ్గరికి వెళ్లి, సీటు మీద నా దిండు వేసుకున్నాను. ఎక్కుడు ఎక్కాం, దిగుడు దిగాం. మూడో గేరు, నాలుగు, మళ్లీ మూడు, మళ్లీ నాలుగు. ట్రాలీ గీత గీసినట్టు వెంట వచ్చింది. "నేను చెప్పలా, నాదీ హామీ" అన్నాడు హామీ బాబాయ్. అతను అసలు ఏం చెప్పాడో నాకు గుర్తుకు రాలేదు, కానీ కాదనలేదు. హోటలాయనకు మా ఆయనే స్వయంగా వెళ్లి కుదరదని చెప్పి వచ్చాడు.

మేం తెల్లారి మంచులో బయల్దేరాం. మామయ్య అలవాటు కొద్దీ ట్రాలీ వెనకకు నడిచి, గుర్రప్పిల్ల పక్కన ఒక్క క్షణం నిలబడి, తిరిగి వచ్చి ముందు సీటెక్కాడు. ఆ సీట్లో ఆయన కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఇబ్బందిపడ్డాడు. మా ఆయన వెనక తొట్టెలో సామాన్ల మధ్య దుప్పటి కప్పుకుని అప్పటికే నిద్రపోయాడు. పెద్ద రోడ్డెక్కి నాలుగో గేరు వేశాను. కొండలు మంచులోంచి లేచి, మమ్మల్ని చూసి, మళ్లీ మంచులోకి వెళ్లిపోతున్నాయి. ఇంజను ఒకే శ్రుతిలో పాడుతోంది. లారీలు పక్కనుంచి పోతున్నా ట్రాలీ చలించలేదు. నేను నడుపుతున్నానా, షెడ్డులో చాప మీద పడుకుని కాలు ఆడిస్తున్నానా అని ఒకసారి అనుమానం వచ్చి, స్టీరింగు గట్టిగా నొక్కి చూసుకున్నాను.

మామయ్య రోడ్డు చూడలేదు. వెనక అద్దంలోకే చూస్తున్నాడు. అద్దంలో దొరసాని ముఖం ఉంది. మెడ ఒక పక్కకు తిప్పుకుని, ఎవరో పిలిస్తే విన్నట్టు, మావైపే చూస్తూ వస్తోంది. అత్తయ్య ఈ ముఖాన్ని ఎన్నడూ ఇలా చూడలేదు, ఆమెకు ఎప్పుడూ దాని వీపే కనబడేది అన్నాడు.

పొద్దెక్కాక పెద్ద రోడ్డు దిగి, ఒడ్డు వెంట పోయే చిన్న రోడ్డెక్కాం. మంచు విడిపోయింది. కుడిపక్కనంతా సముద్రం, దూరంగా మైదానం జెండా కర్రలు. సమయానికే వచ్చేశాం, ఇంకాస్త తొక్కితే చాలు, చేరిపోతాం. మామయ్య నా గేరు చేతి మీద తన చెయ్యి మెత్తగా ఆనించాడు.

"అమ్మాయ్, ఇక్కణ్ణుంచి మూడో గేరులో పోనియ్యి" అన్నాడు.

ఎందుకని అడగలేదు. క్లచ్చు తొక్కి గేరు మార్చాను. బండి నెమ్మదించింది. వెనకనుంచి ఎవరో హారను కొట్టారు, మళ్లీ కొట్టారు. మామయ్య అద్దంలోంచి కళ్లు తీయకుండానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ముందు మీరే పొండి నాయనా అన్నట్టు తాపీగా ఊపాడు.